లెలెట్ నెత్తిన రెండు సుళ్లు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే మన్నించండి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

ముసలాయన మధ్యాహ్నం పడవ దిగి, రేవులో ఆటో తోలే బాడోంగ్ దగ్గరికి వచ్చాడు.

"మారివిక్ వాళ్ల ఇల్లెక్కడ బాబూ?"

బాడోంగ్ నోట్లో సిగరెట్ కింద పడింది.

మారివిక్ వాయుసేనలో చేరడానికి దరఖాస్తు పెట్టింది. రాత పరీక్ష, పరుగు, డాక్టరు పరీక్ష అన్నీ గట్టెక్కింది. మిగిలింది ఒక్కటే. మామూలు బట్టల్లో ఎవరో ఊళ్లోకి వస్తారు, పిల్ల ఎలాంటిదని ఇరుగుపొరుగుని అడుగుతారు.

పెళ్లి కాకూడదు. బిడ్డ ఉండకూడదు. అదీ నియమం.

మారివిక్‌కి నాలుగేళ్ల కూతురుంది, లెలెట్. పెళ్లి కాకముందే ఆ పిల్ల తండ్రి ఎక్కిన సరుకుల ఓడ తుఫానులో మునిగింది. అతనిది ఏ దీవో, అతని వాళ్లెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు.

మారివిక్ తల్లి పసింగ్ ఎండుచేపలు అమ్ముతుంది. ఈ ఉద్యోగం వస్తేనే ఆ ఇంట్లో మూడుపూటలా అన్నం ఉడుకుతుంది. అందుకే ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఎవరడిగినా, లెలెట్ పసింగ్ కడగొట్టు కూతురు. కన్నతల్లిని అక్కా అని పిలవడం లెలెట్‌కీ నేర్పారు.

బాడోంగ్ ఆయన్ని ఊరంతా తిప్పి తీసుకెళ్లాడు. దారిపొడవునా హారన్ మోగించాడు.

"హారన్ ఎందుకు బాబూ?"

"కోళ్లు అడ్డొస్తాయి సారూ."

దారిలో ఒక్క కోడీ లేదు.

వాళ్లు చేరేసరికి పసింగ్ గుమ్మం ముందు ఇరుగుపొరుగంతా ఉన్నారు.

"మారివిక్ గురించి అడగడానికి వచ్చాను" అన్నాడాయన.

"కూర్చోండి సారూ. భోంచేశారా?"

"ఆ అమ్మాయికి పెళ్లయిందా?"

"పెళ్లా! మగాడి నీడ పడితే పక్కకి తప్పుకునే పిల్ల" అంది అంగడి లూర్దెస్.

"నేనే రెండుసార్లు అడిగాను సారూ" బాడోంగ్ అందుకున్నాడు. "చెప్పు చూపించింది."

అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

"బిడ్డ... బిడ్డ గానీ ఉందా?"

అప్పుడే లెలెట్ గ్లాసుతో వచ్చింది. పెద్దలకి మా వైపు దణ్ణం పెట్టే తీరున, ఆయన చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

"తాతా, నీళ్లు."

ఆయన గ్లాసు ముట్టలేదు. పిల్లని దగ్గరికి తీసుకుని, నెత్తికి ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చాడు, ముసలివాళ్లు సొంత పిల్లల్ని ముద్దు చేసినట్టు. జుట్టు పాయ తీసి చూశాడు.

నడినెత్తిన రెండు సుళ్లు.

"ఈ పాప ఎవరి బిడ్డ?"

"నా బిడ్డే సారూ" అంది పసింగ్.

"ఒట్టు?"

పసింగ్ గూట్లోని బాలయేసు పాదాల మీద చెయ్యి వేసింది.

"ఒట్టు."

ఆయన పిల్లని వదిలేశాడు.

"దేవుడి మీద ఒట్టేశాక ఇంకేముందమ్మా" అని లేచాడు.

మెట్ల దగ్గర టోపీ తీసి, లెలెట్ ముందు తల వంచి ఏదో చెప్పాడు. పిల్ల కిలకిలా నవ్వింది.

"నిఖార్సయిన ఆఫీసరు" అన్నాడు బాడోంగ్, ఆయన వెళ్లాక. "చేపల మూట ఇస్తే కళ్లెత్తి కూడా చూడలేదు."

ఫలితం తెలుసుకోవడానికి పట్నం వెళ్లిన మారివిక్ మర్నాడు పరుగున వచ్చింది.

"అమ్మా, తీసుకున్నారు! సోమవారం శిక్షణకి వెళ్లాలి."

"తీసుకోరా మరి! నిన్న ఆ ముసలి ఆఫీసరుకి మేమంతా..."

"ముసలి ఆఫీసరెవరు? విచారణకి వచ్చింది ఇద్దరు ఆడపిల్లలట. పోయినవారం లూర్దెస్ అత్త దగ్గర సబ్బులు కొని, అన్నీ అడిగి పోయారట."

"ఆ సబ్బుల పిల్లలా!" లూర్దెస్ నోరు నొక్కుకుంది.

మరి నిన్న వచ్చిందెవరు? ఉద్యోగం చెడగొట్టడానికి ఎవరో పంపిన మనిషేమోనని భయపడ్డారు. బాడోంగ్ రేవుకి పరిగెత్తాడు.

"నిన్న సాయంత్రమే ఎక్కించానుగా" అన్నాడు పడవవాడు. "ఏ దీవో అడిగితే చెప్పలేదు. ఇన్నేళ్లూ తిరిగింది చాలు, ఇక ఏ రేవూ తొక్కనన్నాడు."

సోమవారం మారివిక్ సంచీ సర్దుకుని, బస్సు వచ్చేలోగా కూతురి తల దువ్వడానికి కూర్చుంది.

"అక్కా" అంది లెలెట్, "ఆ తాతకి కూడా నెత్తిన రెండు సుళ్లున్నాయి, ఓడతో మునిగిపోయిన వాళ్లబ్బాయి రోడెల్‌కీ ఉండేవట."

ఫెలిసిదాద్ అబేయా, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది సెబూలో, చిన్న కూతురి ఇంట్లో.