కుట్టని భాగం

వారపత్రిక కొత్త సంచిక వచ్చిన దగ్గర్నుంచి పూర్ణచంద్రరావుకి తెనాలిలో మొహం చెల్లడం లేదు. తను అందులో రాస్తున్న అంతరిక్ష సీరియల్లో ఈవారం హీరోని చంపేశాడు. హోటల్లో సర్వరు ఇడ్లీ పెట్టి, చట్నీ వెయ్యకుండా వెళ్ళిపోయాడు. సెలూన్లో గడ్డం గీసేవాడు కత్తి గొంతు దగ్గర ఆపి, "వాణ్ణెందుకు చంపారు సార్?" అన్నాడు.

ఆ సాయంత్రం శ్యామలాంబ అనే పెద్దావిడ రేపల్లె బండి దిగి నేరుగా ఇంటికే వచ్చింది. సీరియల్ పేజీలన్నీ వారం వారం చింపి, దారంతో కుట్టుకున్న పుస్తకం ఆవిడ చంకలో ఉంది. ఈవారం పేజీలు మాత్రం విడిగా పట్టుకొచ్చింది. వాటిని అతని ఒళ్ళోకి విసిరేసింది.

"ఇవి మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. వాడు చచ్చాడని ఎట్లా రాశావయ్యా?"

"రాకెట్టులోంచి జారి కొట్టుకుపోయాడు కదండీ. అక్కడ గాలి ఉండదు. సైన్సు ప్రకారం బతకడండి."

"శవం దొరికిందా?"

"అంత ఆకాశంలో ఎలా దొరుకుతుందండీ?"

"దొరక్కుండానే రాసేశావా? వెతకనైనా వెతకలేదే!"

పూర్ణచంద్రరావుకి ఒళ్ళు మండింది. "కథమ్మా అది! కథలో మనిషి కోసం రైలెక్కొచ్చి పోట్లాడతారా ఎవరైనా?"

ఆవిడ విసురుగా గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఏడేళ్ళనాటి ఉప్పెనలో మా అబ్బాయీ ఇట్లాగే కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఆఫీసువాళ్ళు వారం తిరక్కుండానే వచ్చి, చచ్చాడని రాసుకుపోయారు. వాళ్ళంటే ఇంకా వందల ఇళ్ళు తిరగాలి. నీకేం తొందరొచ్చిందయ్యా?"