నలభయ్యో ట్యూబు

"పాలలో ఈగ పడ్డట్టుంది అక్కా ఇది. తీసి పారేద్దాం," అంది స్కాలరమ్మాయి, కంప్యూటర్ తెర మీద ఒంటరిగా పైకెక్కి కూర్చున్న చుక్కని వేలితో పొడుస్తూ.

"ఈగ కాదు," అంది సూదక్క.

ఇరవై రెండేళ్లుగా గర్భిణుల చేతుల్లోంచి రక్తం తీస్తోంది గనక ఆసుపత్రిలో అందరికీ ఆమె సూదక్కే. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనబడదు. చెల్లెలి కాన్పని పన్నెండు రోజులు సెలవు పెట్టి, నిన్ననే పనిలోకి వచ్చింది. వచ్చీ రాగానే చేసిన పరీక్ష ఇది.

పరీక్ష సంగతి చెప్పాలంటే చిన్నదే. కడుపులోని మాయ నుంచి తల్లి రక్తంలోకి రెండు ప్రొటీన్లు దిగుతాయి. ఒకటి రక్తనాళాలను పెంచేది, రెండోది దానికి అడ్డం పడేది. రెండోది మితిమీరిందంటే, బీపీ పెరగకముందే, కాళ్లు వాయకముందే, గర్భిణులకు ఫిట్స్ తెచ్చే గుర్రపువాతం గుమ్మం దాకా వచ్చిందని అర్థం. ఈ పరీక్ష ఎంత ముందుగా చెప్పగలదో తేల్చడమే స్కాలరమ్మాయి పరిశోధన. అందుకు ముందు ఏ జబ్బూ లేని నలభై మంది రక్తం కావాలి. ఆరో నెలలో తీసి ఫ్రీజర్‌లో దాచాలి. నలభై నిండేదాకా పరీక్ష చేసే కిట్టు విప్పకూడదు, విప్పితే ఆ రోజే వాడెయ్యాలి. ఒక్కరు తక్కువై మూడు నెలలు ఆగాక నలభయ్యో ట్యూబు చేరింది. తర్వాత కిట్టు రావడానికి ఏడు వారాలు, అది వచ్చేసరికి సూదక్క సెలవు.

రెండోది మొదటిదానికి ఎన్ని రెట్లుందో లెక్క కడితే, ముప్ఫై తొమ్మిది మందీ పదిలోపే ఉన్నారు. నలభయ్యో ఆవిడ నూట ముప్ఫై.

"రక్తం తీసిన రోజు ఆవిడ బీపీ నూట పది. దుక్కలా ఉన్న మనిషికి నూట ముప్ఫై ఎలా ఉంటుందక్కా?"

"ఉంది. ప్లేటులో రెండేసి గుంటల్లో పోశాను. రెండు చోట్లా అదే వచ్చింది."

"ట్యూబులు తారుమారయ్యాయేమో. మీ మనసంతా ఇంటి దగ్గరే ఉండుంటుంది. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసివ్వండి, తీసేస్తాను. మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

"రాయను."

ఇరవై రెండేళ్ల పేరుకి మచ్చ పడుతుందని ఈ పంతమంతా కాబోలు అనుకుంది స్కాలరమ్మాయి. విసుగొచ్చినా పెద్దావిడ కదా అని ఊరుకుంది.

అటెండరు టీ తెచ్చాడు. ఆయన రిటైరవడానికి ఆరు నెలలుంది, నోటికి మాత్రం అప్పుడే తీరిక దొరికింది.

"ఏం సూదక్కా, పెద్దమ్మవయ్యావట! పార్టీ లేదు, పాడూ లేదు. ఎవరు పుట్టారు?"

"ఆడపిల్ల."

"బరువెంత?"

"కిలో నాలుగొందలు."

"అయ్యో, అంతేనా? ఏం ఫర్లేదులే. మా మనవడూ అంతే పుట్టాడు. ఇప్పుడు వాడి తల గుమ్మానికి తగుల్తోంది. నా మాటగా చెల్లెలికి చెప్పు, బాగా తినమని."

"ఊఁ."

టీ తాగింది. తీపో చప్పనో తెలియలేదు. నలభయ్యో ట్యూబులో మిగిలిన రెండు చుక్కల్నీ దాచడానికి ఫ్రీజర్ తెరిచి వట్టి చేతిని లోపల పెట్టింది.

"గ్లౌజులేవి తల్లీ! వేళ్లు ఊడొస్తాయి!" అరిచాడు అటెండరు.

ఆమె చెయ్యి తీసి చూసుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి గాని చలి తెలియలేదు. నిద్ర చాలక అలా ఉందనుకున్నాడు అటెండరు. పసిపిల్ల ఉన్న ఇంట్లో నిద్రెక్కడిది?

తెర మీది ఆ చుక్క చెరిగిపోకూడదు. పన్నెండు రోజుల్లో ఆమెకు ఏదైనా కావాలనిపించిందంటే అదొక్కటే.

"సరే, ఒక పని చేద్దాం," అంది స్కాలరమ్మాయి, ఫైలులోంచి ఒక కాగితం లాగి. "ఈవిడ కాన్పు కాగితం ఇంకా ఖాళీగా ఉంది. ఎనిమిదో నెల నడుస్తుండాలి. పేర్లు నాకు తెలియకూడదు కాబట్టి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. నిజంగా జబ్బు వచ్చుంటే చుక్క ఉంటుంది. ఏమీ లేదంటే పోతుంది. నాలుగింటికల్లా ప్రొఫెసర్‌గారికి పంపాలి."

కాన్పు కాగితాలు నింపేది సూదక్కే. అడుగున రెండు గళ్లుంటాయి, బిడ్డకొకటి, తల్లికొకటి. బతికుంటే టిక్కు, లేకపోతే అడ్డగీత. ఇప్పటికి కాన్పులైన ముప్ఫై తొమ్మిది మంది కాగితాల్లోనూ అన్నీ టిక్కులే పెట్టింది. "మీ చేతి చలవక్కా" అని స్కాలరమ్మాయి మురిసిపోయేది కూడా.

సూదక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోన్‌ని పక్కకు జరిపి పెన్ను తీసింది. ఆమె రాస్తుంటే స్కాలరమ్మాయి భుజం మీదుగా వంగి పైకే చదివింది.

"ముప్ఫై ఒకటో వారం. గుర్రపువాతం. ఆపరేషన్..." ఆమె గొంతులో హుషారొచ్చింది. "అయితే ఈ గుర్తు ఏడు వారాల ముందే చెప్పిందన్నమాట! చుక్క ఉంటుందక్కా, ఖాయంగా ఉంటుంది! ఇంతకీ ఫోన్ చెయ్యకుండానే ఎలా..."

సూదక్క రాస్తూనే ఉంది.

"ఆడపిల్ల. కిలో నాలుగొందలు," చదివింది స్కాలరమ్మాయి.

టీ గ్లాసు తీసుకుంటున్న అటెండరు చెయ్యి ఆగిపోయింది.

బిడ్డ గడిలో సూదక్క టిక్కు పెట్టింది.

తల్లి గడిలో అడ్డగీత గీసింది.