సోఫా మీద మరక

“అమ్మా! మళ్లీనా?”

కొడుకు కేకకి ముసలావిడ ముందుగదిలోకి వచ్చింది. సోఫా మీద అరచేతి వెడల్పున తడి మరక. వాడు ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

“అరవకురా. వీధి వీధంతా వింటుంది.”

“విననీ. నిన్న వంటింటి గుమ్మంలో, ఇవాళ ఇక్కడ. రేపు నలుగురొస్తే ఎక్కడ కూర్చోబెట్టను, నా నెత్తి మీదా?”

ముసలావిడ మోకాళ్లు పట్టుకుని కింద చతికిలబడి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. కోడలు పరుగున వచ్చి గుడ్డ లాక్కుంది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఏమండీ, అత్తయ్యని ఏమీ అనకండి. అసలు...”

“పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, పో,” అని ముసలావిడ కోడలి నోరు కట్టేసింది.

ఈ గోల నెలల తరబడి నడుస్తోంది. కొన్నాళ్లు మంచినీళ్లు తగ్గించి చూశారు. కొన్నాళ్లు సోఫా మీద ప్లాస్టిక్ పట్టా పరిచారు. “వెళ్లొచ్చావా?” అని కొడుకు ఆవిణ్ణి చంటిపిల్లని అడిగినట్టు అడగడం కొన్నాళ్లు. చివరికి తేల్చి చెప్పేశాడు. ఒకసారి డాక్టరుకి చూపిస్తాడు. తగ్గిందా, సరే. లేదంటే పెరట్లో సామాన్ల గది ఖాళీ చేయించి మంచం అక్కడ వేయిస్తాడు.

“చూపించు. కోడలు కూడా వస్తుంది,” అంది ముసలావిడ.

“అదెందుకు? దానికి పండ్ల షెడ్డులో పొద్దస్తమానం పెట్టెలెత్తే పని. ఒక పూట మానేస్తే మేస్త్రీ ఇంకొకళ్లని పెట్టుకుంటాడు. నేనున్నాగా?”

“లోపల బట్టలు విప్పమంటే నువ్వొస్తావేంరా తోడు?”



ముగ్గురు మనవల్నీ పక్కింట్లో అప్పజెప్పి బస్సెక్కారు. సగం దారిలో పెట్రోలు బంకు కనబడగానే ముసలావిడ లేచింది.

“బాబూ, ఓసారి ఆపు. అర్జంటు.”

“మామ్మా, ఇది బస్సు. నీ సొంత కారనుకున్నావా?” అన్నాడు కండక్టరు.

బస్సంతా గొల్లున నవ్వింది. కొడుకు ఎవరో తెలియనివాడిలా కిటికీ వైపు తిరిగాడు. బస్సు ఆగీ ఆగగానే ముసలావిడ కోడలి రెక్క పట్టుకుని దిగింది. మళ్లీ మెట్లెక్కేసరికి ఆవిడ మోకాళ్లు కలుక్కుమన్నాయి. సీట్లో కూలబడి కళ్లు మూసుకుంది. ఇలాంటి నవ్వులు ఆవిడకి అలవాటైపోయాయి.

డాక్టరమ్మ కొడుకుని బయట బెంచీ మీద కూర్చోమని తలుపేసింది. కోడలు చేతిసంచీ గుండెకి అదుముకుని గోడకి ఆనుకుంది. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“చెప్పండమ్మా. దగ్గితే, తుమ్మితే చుక్కలు పడుతున్నాయా?”

“పడుతున్నాయి. నవ్వినా పడతాయి. నవ్వడం మానేశాక కాస్త నయం.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది.

“వెళ్లొచ్చాక పూర్తిగా అయినట్టు ఉంటుందా?”

“ఎక్కడమ్మా! ఇలా వచ్చి కూర్చుంటే చాలు, మళ్లీ పరుగు. ఒక్కోసారి గుమ్మం దాటకుండానే అయిపోతుంది.”

“కింద ఏదైనా జారినట్టు తెలుస్తుందా?”

“పొద్దున ఏమీ ఉండదు. నిలబడీ నిలబడీ సాయంత్రానికి కోడిగుడ్డంత చేతికి తగులుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది.”

ముసలావిడ గడగడా చెప్పుకుపోయింది. తడుముకోలేదు, సిగ్గుపడలేదు. సిగ్గుపడే ఓపిక కూడా లేనట్టుంది.

“గర్భసంచి జారినట్టుందమ్మా,” అంది డాక్టరమ్మ. “అది జారుతూ మూత్రసంచిని కూడా కిందికి లాగుతుంది. ఈ ఇబ్బందులన్నీ అందువల్లే. చాలామంది బయటికి చెప్పుకోలేక లోపల్లోపలే కుమిలిపోతారు. జారకుండా లోపల రింగు పెట్టొచ్చు. వ్యాయామాలున్నాయి. అవసరమైతే ఆపరేషను చేస్తాం. బరువులు మాత్రం ఎత్తకూడదు.”

“నిజంగా తగ్గుతుందాండీ?” కోడలు అంతసేపటికి నోరు విప్పింది.

“తగ్గుతుందమ్మా. ఎందుకు తగ్గదు?”

కోడలు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. ముసలావిడ అటు చూడలేదు.

“ఎప్పట్నుంచి ఇలా?” అడిగింది డాక్టరమ్మ.

“మూడో కాన్పయి లేచిన దగ్గర్నుంచీ.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఆవిడ నెరిసిన జుట్టు కేసి, ముడతలు పడ్డ చేతుల కేసి చూసింది.

“ఇన్నేళ్లు ఎలా భరించారండీ! సరే, చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను. బల్ల ఎక్కండి. ముగ్గురూ మామూలు కాన్పులేనా?”

“నేను కన్నది ఆ బయట కూర్చున్నవాణ్ణొక్కణ్ణేనమ్మా,” అంటూ ముసలావిడ కోడలి చేతిలోంచి సంచీ తీసుకుని, ఆ పిల్లని మెల్లిగా బల్ల వైపు నడిపించింది.