నిలువు కొలత

సారమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్ర మాత్రం పోవడం లేదు.

భుజం మీద టేపు చల్లగా తగిలింది. అక్కడినుంచి మెల్లగా నడుము దాకా, నడుము నుంచి చీలమండ దాకా జారింది. ఊపిరి బిగబట్టి ఒక కన్ను తెరిచి చూసింది. కోడలు హన్నా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తనను కొలుస్తోంది.

పడుకున్న మనిషిని ఎందుకు కొలుస్తారో సారమ్మకు తెలుసు. శవపెట్టెలు చేసే వడ్ల మొగిలయ్య కొలిచేది అలాగే. కన్ను గట్టిగా మూసేసింది.

అనుమానం ఇవాళ్టిది కాదు. కిందటి నెల తనకు కడుపునొప్పి వస్తే కొడుకు సుందర్ రావు అత్తాకోడళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని హనుమకొండ దవాఖానకు తీసుకెళ్ళాడు. ఎలాగూ వచ్చారని ఇద్దరికీ రక్తాలు తీశారు, ఎక్స్‌రేలు తీశారు. చివరికి పెద్ద డాక్టరు సారమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కొడుకునూ కోడలినీ లోపలికి పిలిచాడు. తిరిగి వచ్చేసరికి హన్నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నడురా?"

"నీకేం లేదమ్మా. గ్యాస్ అంతే. ఫికర్ చెయ్యకు," అన్నాడు సుందర్ రావు, తల్లి మొహం చూడకుండా.

గ్యాసుకు ఎవరైనా ఏడుస్తారా?

ఆ రోజునుంచీ ఇంటి తీరే మారిపోయింది. రైలు బొగ్గు ఇంజను మీద డ్యూటీ దిగి ఇంటికి రాగానే అందరిమీదా చిర్రుబుర్రులాడే కొడుకు ఇప్పుడు యాపిల్ పండ్లు తెస్తున్నాడు. సారమ్మకు అనుమానం రాకుండా హన్నాకూ, ఐదేళ్ళ మనవరాలు రూతుకూ కూడా కోసి పెడుతున్నాడు. ఎంత నటన!

హన్నా సంగతి చెప్పనే అక్కర్లేదు. చొక్కాకు గుండీ ఊడితే పక్కింటికి పంపే మనిషి. అలాంటిది, కాన్వెంటులో కుట్టుపని నేర్పి రిటైరైన ఫిలోమినా టీచర్‌ను ఇంటికే రప్పించుకుని చేతికుట్టు నేర్చుకుంటోంది. ఇంట్లో మిషన్ ఉంది, ముట్టదు. సూది గుచ్చుకోకుండా వేలికి అంగుస్తానా తొడుక్కుని, తెల్లబట్ట ఒళ్ళో వేసుకుని కుట్టడం, టీచర్ వంకపెడితే విప్పడం, మళ్ళీ కుట్టడం.

"కుట్టు బయటికి కనపడొద్దు. ఒక్క పోగునే పట్టుకోవాలె," అంటోంది టీచర్ ఒకరోజు.

"గట్టిగుంటదా టీచర్? శానా ఏండ్లు ఉండాలె."

"నీ చెయ్యి కుదిరితే ఎన్నేండ్లయినా ఉంటది."

తలుపు చాటున సారమ్మకు చెమటలు పట్టాయి. మట్టిలో ఎన్నేళ్ళు ఉండాలట?

తప్పు తనదే. నిరుడు పక్కవాడ యాకమ్మ పోయినప్పుడు ఎవరో టైలర్ హడావిడిగా కుట్టి తెచ్చిన తెల్లంగీ శవానికి తొడిగారు. కుట్లన్నీ వంకర, ఒక చెయ్యి పొట్టి. "నన్ను మాత్రం గిసుంటి అంగీల పండవెట్టకుండ్రి. సక్కగ కుట్టిచ్చుండ్రి," అని నలుగురిలో అనేసింది. అప్పుడు చావు ఎక్కడో ఏటూరునాగారం అడవిలో ఉన్నట్టుండేది. ఇప్పుడు ఇంట్లోనే, హన్నా కుట్టుబట్ట దాచే ఇనుప పెట్టెలో మడతపెట్టి ఉంది.

తనను కొలిచిన కొన్నాళ్ళకు, హన్నా బజారుకు వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఆ పెట్టె తెరిచింది. అంగీ తెల్లగా, కాళ్ళ దాకా. అద్దం ముందు ఒంటికి పెట్టుకుని చూసుకుంది. భుజానికి భుజం, నిలువుకు నిలువు, అచ్చం తన కొలతే. తిరగేస్తే పక్క కుట్ల లోపల నాలుగేసి వేళ్ళ బట్ట మిగిల్చి ఉంది. ఎందుకో అర్థమైంది. పోయాక ఒళ్ళు ఉబ్బుతుంది కదా. ముందుచూపు గల కోడలు!

ఆ తర్వాత ముద్ద దిగలేదు. చర్చికి వెళ్ళడం మానేసింది, దారిలో సమాధులున్నాయి. ప్రార్థనకు కూర్చుంటే మాటలు తడబడుతున్నాయి. చావుకన్నా, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి తనకొక్కతికే చెప్పకపోవడం ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం పొద్దున వంటింట్లో బియ్యం ఏరుతోంది.

"నాయినమ్మా! ఇగో సూడు!"

రూతు ఆ అంగీ తలమీంచి తొడుక్కుని గదిలో గిర్రున తిరుగుతోంది. సగం బట్ట నేలమీదే ఈడుస్తోంది.

సారమ్మ బియ్యం చేట వదిలేసింది. ఒక్క ఉరుకున వెళ్ళి పిల్ల ఒంటిమీంచి దాన్ని లాగేసింది.

"తియ్యి! తియ్యవే! అది నువ్వు ఏస్కునేది గాదు!"

పిల్ల కెవ్వుమంది. భుజం దగ్గర కుట్టు పటుక్కుమంది.

హన్నా పరుగెత్తుకొచ్చింది. ఊడిన కుట్టు చూసి, అంగీని చేతుల్లోకి తీసుకుని అక్కడే కూలబడింది.

"నా పీనుగ బట్ట పసిదాని చేతికందేటట్టు పెడ్తవా?" అడిగింది సారమ్మ. "నాకు అంత ఎర్కనే. దవాఖానల ఏం జెప్పిన్రో, నన్నెందుకు కొలుస్తానవో. ఇగ దాయకు బిడ్డా. బుగులైతాంది. ఎన్ని దినాలున్నయ్ నాకు?"

హన్నా బిత్తరపోయి చూసింది. అత్త ఏమనుకుందో అప్పుడు అర్థమైంది. రూతును ఆడుకోమని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

"నీకేం గాలే అత్తమ్మా, రూతు నీ లెక్కనే పొడుగైతదని నీ కొలత తీసిన, ఇది దాని పెండ్లి గౌను, అప్పటికి నేనుండనని డాక్టర్ జెప్పిండు."