తెరచాపల కుటుంబం

మ్యూజియం గైడుకి ఆ ముగ్గురూ చూడగానే నచ్చారు. తండ్రి వేలు పట్టుకుని పాప, పాప నీళ్ళ సీసా మోస్తూ తల్లి. పొద్దుట్నుంచీ వాగి వాగి గొంతు పోయినా, ఇలాంటివాళ్ళు వస్తే ఆవిడకి మళ్ళీ హుషారొస్తుంది.

"ముక్కు నాన్నది, కళ్ళు అమ్మవి" అంది గైడు, పాప బుగ్గ గిల్లుతూ. పెద్దవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపే ముందు నవ్వింది.

ఆఖరి గదిలో మూడు అస్థిపంజరాలున్నాయి. రాక్షసబల్లుల కంటే ముందు కాలపు జంతువులవి. వీపు మీద నిలువునా పొడుగాటి ముళ్ళు. బతికున్నప్పుడు ఆ ముళ్ళ మధ్య చర్మం తెరచాపలా ఉండేది. పెద్దది, మధ్యది, చిన్నది. కింద పాత బోర్డు మీద 'తెరచాపల కుటుంబం' అని ఉంది.

"చిన్నది వీళ్ళ పాపేనా?" అనడిగింది పాప.

నోటిదాకా వచ్చిన 'అవును'ని గైడు మింగేసింది. ఇన్నేళ్ళూ అదే చెప్పింది. కానీ కొత్తగా వచ్చిన అధికారి ఎముకలన్నీ పరీక్ష చేయించి, ఇకమీదట కట్టుకథలు చెప్పొద్దన్నాడు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మూడూ మూడు గోతుల్లో దొరికాయి. పెద్దది డైమెట్రోడాన్, మాంసం తినేది. మధ్యది ఎడాఫోసారస్, ఆకులు తప్ప ముట్టేది కాదు. చిన్నది ఎవరి పిల్లో ఇప్పటికీ తేలలేదు. ఎప్పటివాళ్ళో ముచ్చటపడి ఒకచోట నిలబెట్టారంతే. వచ్చే వారం దేని గదికి దాన్ని పంపేస్తారు.

తల్లి ఆపబోయింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. పాప తండ్రి వేలు వదల్లేదు సరికదా, రెండో చేత్తో తల్లి చెయ్యి కూడా గట్టిగా పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ కలిసే ఉన్నాయిగా. ఇప్పుడెందుకు విడదీయడం?"

తల్లి పాపని ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళింది. మెట్ల దాకా ఏడుపు వినబడుతూనే ఉంది. గైడుకి ప్రాణం ఉసూరుమంది. సరదాగా వచ్చిన పిల్లని చేజేతులా ఏడిపించింది.

తండ్రి మాత్రం అక్కడే ఉండిపోయాడు. వీటిని ఇలాగే ఉంచమని ఎవరిని అడగాలో చెప్పమన్నాడు. పేరు రాసుకోవడానికి జేబులోంచి కాగితం కూడా తీశాడు.

"ఎముకలే కదండీ. పాప సాయంత్రానికల్లా మర్చిపోతుంది" అంది గైడు, ఆయనకి సర్దిచెబుతూ.

"మర్చిపోదండీ" అన్నాడాయన. "నిరుటి వరదలో ఆ పాపకి అమ్మానాన్నా, ఆవిడకి భర్తా, నాకు భార్యాబిడ్డలూ పోయాక, శిబిరంలో మా ముగ్గురికీ ఒకే గుడారం ఇచ్చారు."