టర్బో ఈల

"వినబడిందా?" అన్నారు వెంకటకృష్ణారావు గారు, బెంజ్ సర్కిల్ దాటి కారు వేగం అందుకోగానే.

పక్క సీట్లో ఉన్న మెకానిక్ శివాజీ అద్దం పైకెత్తి, కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి తలూపాడు.

"వస్తోందండి. సన్నగా."

"సన్నగా ఏంటయ్యా, చెవి దగ్గర ఈల వేసినట్టుంటే."

"అదేనండి. ఈలే."

ఆయన మాటకు ఎదురేముంది? కంకిపాడు రైసుమిల్లులో ముప్పై ఏళ్లు యంత్రాల హోరులో నిలబడి, ఏ బేరింగు అరిగిందో గుమ్మంలోంచే చెప్పిన మనిషి. ఆ చెవికి తిరుగు లేదని ఆటోనగర్ అంతా ఒప్పుకున్న సంగతే.

పధ్నాలుగేళ్ల డీజిలు కారు అది. మిల్లు అమ్మేశారు గానీ దాన్ని అమ్మలేదు. రోజూ పొద్దున్నే తనే తుడుచుకుంటారు. ఇంకొకరి చేతికి గుడ్డ కూడా ఇవ్వరు. ఇప్పుడేమో ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో ఈల వేస్తోంది. అది పగిలితే ముక్కలు ఇంజన్లోకి పోతాయని, హైవే మధ్యలో బండి నిలిచిపోతుందని ఆయన భయం. ఈల ఆగకపోతే ఇక అమ్మేయక తప్పదు.

షెడ్డులో శివాజీ గొట్టాలు విప్పి, టర్బో ఇరుసును వేలితో కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. గొట్టంలో ఆయిల్ తడి లేదు. అతుకుల మీద సబ్బునీళ్లు చల్లి ఇంజన్ రేజ్ చేయించాడు. ఒక్క బుడగ రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస టర్బో మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"పాతది కదండీ," అని నసిగాడు. "లోపల్లోపల అరిగుంటుంది."

మార్చేయమన్నారు రావు గారు. మార్చాక గన్నవరం దాకా వెళ్లొచ్చారు. ఈల అలాగే ఉంది.

"కొత్తది కదండీ," అన్నాడు శివాజీ, ఆయన ముఖంలోకి చూడకుండా. "సర్దుకునేదాకా వేస్తుంది."

నెల గడిచినా సర్దుకోలేదు. ఆయనకు అన్నం దగ్గర కూర్చున్నా ఆ ఈలే. ఓ రోజు భార్య రామతులసిని ఎక్కించుకుని కరకట్ట మీద తిప్పి, నీకేమనిపిస్తోందని అడిగారు.

"మీరు విన్నాక ఇంక నేను వినేదేముందండీ," అందావిడ.

చివరికి మనసు రాయి చేసుకుని అమ్మకానికి పెట్టారు. ఇబ్రహీంపట్నం నుంచి చేపల వ్యాపారి నాగులు వచ్చాడు. లోపం దాచి అమ్మడం రావు గారి ఇంటా వంటా లేదు. నాగులును కూర్చోబెట్టుకుని నాలుగు వీధులు తిప్పి, ఈల సంగతి తనే చెప్పారు.

నాగులు చెవి రిక్కించాడు.

"అవునండోయ్, గట్టిగానే వేస్తోంది. అయినా మీ చేతిలో పెరిగిన బండి, నాకేం బెంగ లేదండి. ధర ఒక్కటి కాస్త చూడండి."

చూశారు. అడిగినదానికంటే ఎక్కువే తగ్గించారు. తాళాలు చేతిలో పెట్టేముందు బండిని ఇంకోసారి తుడిచారు.

"గేర్లు మెత్తగా వెయ్యి నాగులూ. మొరటుగా తోలితే ఓర్చుకోదు."

"అలాగేనండి."

రావు గారు గేటు పట్టుకుని నిలబడ్డారు. కారు వీధి చివర మలుపు తిరిగింది, కనుమరుగైంది, దాని ఇంజన్ చప్పుడు కూడా పూర్తిగా అణగిపోయింది.

ఈల మాత్రం ఆగలేదు.