ఏడో టేకు

షూటింగ్ అనేసరికి పెద్దమందడి పక్కనున్న ఆ పల్లె మొత్తం కల్లం దగ్గరికి వచ్చేసింది. హీరో ఎవరని అడిగితే శ్రవణ్ కుమార్ నల్ల కళ్లద్దాలు సవరించుకుని "నేనే" అన్నాడు. డైరెక్టరూ తనే. కథ కూడా తనదే.

ఆ కథ ఊరికి తెలిసిందే. ఇరవై ఆరేళ్లకు గానుగ నూనె కంపెనీ పెట్టి, ఇరవై ఎనిమిదికి మూసేసిన కుర్రాడి కథ. కంపెనీ మునిగింది గానీ మనిషి బిగువు వీసమెత్తు తగ్గలేదు. ఇంకొకడైతే ముఖం చాటేసేవాడు. ఈయన సినిమా తీసుకుంటున్నాడు!

హీరోయిన్ లేదు, పాటల్లేవు. ఉన్నది ఒక కెమెరా, దాని వెనక మహేందర్.

ఈరోజు సీను ఈదమ్మతో. రేపు గద్వాలలో, కంపెనీ వ్యాను నడిపిన బిలాల్‌తో. ఇద్దరినీ శ్రవణే పనిలోంచి తీసేశాడు.

ఈదమ్మ కంపెనీలో పల్లీలు చూసి తీసుకునేది. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలలాడాలి. అప్పుడే ఎండినట్టు. అలాంటి మనిషి ఉండగానే ఆఖరి లోడు నూనె కంపుకొట్టింది. డబ్బాలన్నీ వాపసు వచ్చాయి. "ఈదమ్మే పచ్చి కాయ గానుగల పోయించింది" అని శ్రవణ్ ఇదే కల్లంలో, ఇదే జనం ముందు అరిచాడు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆమెను పల్లీల పనికి పిలిచినవాళ్లు లేరు.

"యాక్షన్!" హీరోనే అరిచాడు.

"తప్పయింది ఈదమ్మా," అన్నాడు, ఎటో చూస్తూ.

"గట్ల గాదు సారూ," అంది ఈదమ్మ. "మొకం జూసి చెప్పాలె."

జనం ఘొల్లుమన్నారు. శ్రవణ్‌కి ఒళ్లు మండింది. ఆ కోపం మహేందర్ మీద చూపించాడు. పాపం, అతనేం చేశాడో!

రెండో టేకు.

"అద్దాలు తియ్యి సారూ, కండ్లు గనవడ్తలేవు."

మూడోసారి నోట్లోనే గొణిగాడు. "ఇనబడ్తలేదు!" అని వెనక నుంచి రైతు కురుమూర్తి కేక వేశాడు. నాలుగూ ఐదూ కూడా ఈదమ్మకు నచ్చలేదు. ఆరోదాన్ని శ్రవణే మధ్యలో ఆపేసి, మంచినీళ్లు తాగొచ్చాడు.

ఏడో టేకులో అతను అద్దాలు జేబులో పెట్టి, పక్కనున్న పల్లీల కుప్పలోంచి ఒక కాయ తీశాడు. చెవి దగ్గర ఊపాడు.

"'ఇంక ఆరలేదు సారూ, నాలుగు దినాలు ఆగుదం' అని నువ్వు చెప్పినవ్ ఈదమ్మా. నేనే ఇనలే. పోయించింది నేను. నీ మీద వెట్టి, నిన్ను ఊర్ల బద్నాం చేసిన. తప్పు నాది. మాఫ్ చెయ్యమ్మా."



"అంటే ఈమె తప్పేం లేకుండెనా?" అన్నాడు కురుమూర్తి పక్కనున్నవాళ్లతో. అతనికి సిగ్గేసినట్టుంది. గొంతు పెంచాడు. "ఈదమ్మా, రేపు మా కల్లానికి రా. జర కాయ చూసి పోదువు."

ఈదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడాదిగా ఆ పిలుపు కోసమే ఎదురుచూసింది ఆమె.

"ఇగ ఓకే సారూ," అంది. "నిజంగ చెప్పినట్టే చెప్పినవ్."

జనం చప్పట్లు కొట్టారు. శ్రవణ్ గబగబా కళ్లద్దాలు పెట్టేసుకుని "ప్యాకప్" అని కసురుకున్నాడు.

ఊరు దాటాక మహేందర్ బైకు నెమ్మదిగా పోనిస్తూ అడిగాడు, "అన్నా, రేపు బిలాల్ కాడ గూడ ఇట్లనే, కెమెరల మెమరీ కార్డు పెట్టకుండనే తియ్యాల్నా?"